లెస్ లెక్కలకు అందని పొదుపు

ఎచ్చెర్ల మండలం షేర్‌మహమ్మద్‌పురంలో శ్రీకాకుళం ట్రిపుల్‌ఐటీ ఉన్న ప్రాంగణం అసలు ఆ సంస్థ కోసం కట్టింది కాదు. అది ఒకప్పటి 21వ శతాబ్ది గురుకులం. 2016లో మొదలైన ట్రిపుల్‌ఐటీ తొలుత నూజివీడులో తలదాచుకుని తర్వాత ఇక్కడికి చేరింది. ఇంజినీరింగ్ చదువుకు కావలసిన ల్యాబులు, హాస్టళ్లు వేరు కనుక మార్పులూ చేర్పులూ తప్పవు. అయినా ఉన్న కట్టడానికి కొత్త పని అప్పగించడాన్ని మించిన నిర్మాణ పొదుపు మరొకటి లేదు. విచిత్రమేమంటే మన టెండర్ల పద్ధతిలో ఈ తరహా పొదుపుకు గడే లేదు. అక్కడ ఒకటే ప్రశ్న: అంచనా కన్నా ఎంత శాతం లెస్?

రాష్ట్రంలో 2019లో తెచ్చిన రివర్స్ టెండరింగ్ మీద, 2024లో దాని రద్దు మీద బోలెడు వాదులాట జరిగింది. వాదనంతా ధర చుట్టూనే తిరిగింది. వేలంపాటలో రేటు దిగొచ్చు కానీ డ్రాయింగ్ మారదు. అక్కర్లేని గది అలాగే ఉంటుంది, అవసరమైన వరండా రానే రాదు.

డ్రాయింగ్‌నే ప్రశ్నించే పద్ధతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరుకు కొరత వచ్చి అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దొరికిన వాటితో సరిపెట్టుకుంది. వాటిలో కొన్ని చవకగా దొరకడమే కాక అసలు సరుకుకన్నా బాగా పనిచేశాయి. ఆ అనుభవం నుంచే ఆ కంపెనీ ఇంజినీరు లారెన్స్ మైల్స్ 1947లో వాల్యూ ఇంజినీరింగ్‌కు పునాది వేశారు. ఈ భాగం చేసే పనేమిటి, అదే పని ఇంకెలా జరుగుతుంది, అప్పుడు ఎంతవుతుంది? ఆయన పద్ధతంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

మన కాంట్రాక్టరు ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతాడు? పని కొలతలు రాసే ఎం బుక్‌లో ఎక్కిన వాటికే బిల్లు వస్తుంది. ‘ఇంత కాంక్రీటు అక్కర్లేదండీ’ అన్నవాడు తన బిల్లు తానే కోసుకున్నట్టు. ఇంజినీరుకైతే మంజూరైన డిజైన్‌ను కదిపితే ఆడిట్ అభ్యంతరం తప్ప దక్కేదేమీ లేదు. అమెరికా ఫెడరల్ కాంట్రాక్టుల్లో ఇందుకో నిబంధన ఉంది: పనితీరు తగ్గకుండా ఖర్చు తగ్గించే మార్పు సూచించి ఒప్పిస్తే మిగిలిన సొమ్ములో కాంట్రాక్టరుకూ వాటా వస్తుంది. మన ఒప్పందాల్లోనూ అది రావాలి.

పొదుపుకు ఇంకో ముఖం కూడా ఉంది. బుడగట్లపాలెం లాంటి తీర గ్రామంలో ఉప్పుగాలి తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం ఊచల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, అంటే కవర్ ఉండాలి. ఆ ఎడం నిలిపే కవర్ బ్లాకులకు అయ్యేది కొద్ది ఖర్చే. అవి లేక ఊచ తుప్పు పట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడితే, ఆ మరమ్మతు ఏ టెండర్‌లోనూ లెస్‌గా కనిపించదు. తుఫాను తర్వాత కూడా పనికిరావలసిన కట్టడాలకు గాలి లెక్కలో 1.30 గుణకం వాడాలని ఐఎస్ 875 చెబుతోంది. 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసిన తీరం ఇది. ఇక్కడ బడి తుఫాను రాత్రి ఊరందరికీ ఆశ్రయం కూడా. ఆ రెండో పనిని ఎస్టిమేట్‌లో రాయకపోతే బడి చవకగా కట్టినట్టే కనిపిస్తుంది.

ఈ ప్రశ్నలన్నీ పునాది తీశాక అడిగితే లాభం లేదు. అప్పటికి ప్రతి మార్పుకూ కూల్చే ఖర్చు, ఆలస్యం తోడవుతాయి. సాంకేతిక మంజూరుకు ముందే ఏ గది ఏ పనికో, ఆ పనికి ఇంకే దారులు చూశారో రాసిన ఒక్క పేజీ ఎస్టిమేట్‌కు జతచేయాలి. అది లేని ఫైలును వెనక్కి పంపే అధికారం ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు ఉండాలి.