ఆ స్లైడర్ ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పారు?

కోడ్ రాయడం వచ్చినవాళ్ళకి బ్లాకులంటే చిన్నచూపు. రంగురంగుల ముక్కల్ని మౌస్‌తో లాగి, ఒకదాని కింద ఒకటి అతికించి ప్రోగ్రామ్ చెయ్యడం పిల్లలాట అని వాళ్ళ ఉద్దేశం. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళది ఇంకో పాట. కోడ్ అనే అడ్డు తొలగింది, ఇక డిజైన్ అందరి చేతుల్లోకీ వచ్చేసింది అంటారు. కోడ్ రాసి బతుకుతున్నవాడిగా నాకు ఈ ఇద్దరితోనూ పేచీ ఉంది. నియమం రాయడంలో ఉన్న కష్టమంతా సెమికోలన్లలోనే ఉందని ఇద్దరూ నమ్ముతున్నారు. అసలు కష్టం వేరే చోట ఉంది.

ముందు విషయం ఏంటో చెప్పుకుందాం. కిటికీ, తలుపు, మెట్లు, గోడ పానెల్ లాంటివాటిని ఇప్పుడు బిల్డింగ్ ప్రొడక్టులు అంటున్నారు. ఒక్కో సైజుకీ ఒక్కో డ్రాయింగ్ గీయకుండా ఒకే మోడల్ తయారుచేసి, అందులో వెడల్పు, ఎత్తు, రెక్కల సంఖ్య, అద్దం మందం వంటివి మార్చుకునేలా వదిలేస్తారు. ఇవే పారామీటర్లు. వాటిని అదుపులో పెట్టేవి నియమాలు: వెడల్పు ఇంత దాటితే రెక్కలు మూడు ఉండాలి, ఎత్తు ఇంత దాటితే అద్దం మందం పెరగాలి. ఆటోడెస్క్ వాళ్ళ ఇన్వెంటర్‌లో ఇలాంటివి ఐలాజిక్ పేరుతో విజువల్ బేసిక్‌లో రాస్తారు. అదే కంపెనీ 2024లో తెచ్చిన ఇన్‌ఫార్మ్‌డ్ డిజైన్‌లోనైతే బ్లాకులు అతికిస్తే చాలు. తయారీదారు హద్దులు పెట్టి మోడల్‌ని విడుదల చేస్తాడు, ఆర్కిటెక్టు ఆ హద్దుల్లోపల తనకి కావాల్సిన సైజు ఎంచుకుంటాడు. ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో పిల్లల కోసం విడుదల చేసిన స్క్రాచ్, 2012లో గూగుల్ తెచ్చిన బ్లాక్‌లీ ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేశాయి.

ఇది పిల్లలాట అనేవాళ్ళు ఒక్కసారి ఎనిమిదో తరగతి తెలుగు వాచకం గుర్తు తెచ్చుకోండి. యమాతారాజభానసలగం. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు చదివితే దాని గురులఘువులు వచ్చేస్తాయి. యమాతా అంటే లఘువు, గురువు, గురువు: య గణం. భానస అంటే గురువు, లఘువు, లఘువు: భ గణం. భ, ర, న, భ, భ, ర, వ అని ఏడు ముక్కలు వరసగా పేర్చితే ఉత్పలమాల పాదం, ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. ఇంతకంటే మంచి బ్లాకుల భాష నాకు తెలీదు. ముక్క పేరులోనే ముక్క స్వరూపం ఉంది. దీన్ని పిల్లలాట అని ఎవరూ తీసిపారేయలేదు.

బ్లాకుల గొప్పతనం కూడా ఇలాంటిదే. నియమాన్ని రాయలేనివాడు కూడా చదవగలడు. అంకె ఇచ్చే ముక్క, అవును-కాదు అనే జవాబు పట్టాల్సిన ఖాళీలో దూరదు. ఇది చిన్న సంగతి కాదు. నారాయణగూడలో అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు చేసే ఒకాయనకి నేనొక డెమోలోని స్లైడింగ్ కిటికీ నియమాల్ని ఫోన్‌లో చూపించాను. సూత్‌లలో కొలిచే మనిషి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బ్లాకుల్లోని మాటలకి నేను తెలుగు చెప్తుంటే విని, రెండు నిమిషాల్లో అన్నాడు: "టూ ట్రాక్ అని పెట్టిన్రు గదన్నా, మరి దోమల మెష్ ఏడ పెడ్తరు? మెష్ కావాలంటే త్రీ ట్రాక్ ఉండాలె." నిజమే. ఆ నియమాలు రాసినవాళ్ళకి దోమల సంగతి తట్టలేదు. ఇదే నియమం నలభై లైన్ల విజువల్ బేసిక్‌లో ఉండి ఉంటే ఆయన నోరు విప్పే అవకాశమే లేదు. కోడ్ అంటే గౌరవంతోనో భయంతోనో తల ఊపి ఊరుకునేవాడు.

ఇంతవరకూ బ్లాకుల పక్షం మాట్లాడాను. ఇప్పుడు అమ్మేవాళ్ళ సంగతి.

"అందరి చేతుల్లోకీ" అన్న మాట పచ్చి అబద్ధం. అందరి చేతుల్లోకీ వచ్చింది స్లైడర్ మాత్రమే. వెడల్పుని 2 అడుగుల నుంచి 6 అడుగుల దాకా మీ ఇష్టం వచ్చినట్టు జరుపుకోవచ్చు. బావుంది. 6 దగ్గర ఎందుకు ఆగింది? మూడు కారణాలు ఉండొచ్చు. అంతకంటే వెడల్పయితే ఆ సెక్షన్ గాలి ఒత్తిడికి వంగుతుంది, అది భౌతిక శాస్త్రం. ఫలానా నిబంధన ఒప్పుకోదు, అది చట్టం. ఫ్యాక్టరీకి వచ్చే అద్దం షీటులో ఆ సైజు కోస్తే వృథా ఎక్కువ, అది లాభం. మొదటిదానితో ఎవరూ బేరమాడలేరు. రెండోదాన్ని మార్చాలంటే ప్రభుత్వంతో తగాదా పడాలి. మూడోదాని గురించి షాపులోనే కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానీ బ్లాకులో ఈ మూడింటికీ రంగు ఒక్కటే, ఆకారం ఒక్కటే. స్లైడర్ మూడు చోట్లా ఒకేలా ఆగుతుంది. కంపెనీ లాభం ప్రకృతి ధర్మం వేషం వేసుకుని కూర్చుంటుంది. వాడేవాడికి ఆ వేషం తెలీదు.

ఇలాంటి వేషం మనకి కొత్త కాదు. వాస్తులో ఆయం కట్టడం తెలుసుగా. పొడవుని వెడల్పుతో గుణించి, వచ్చినదాన్ని 9తో గుణించి, 8తో భాగిస్తే మిగిలేదాన్నిబట్టి ఆయం. 1 ధ్వజం, 2 ధూమం, 3 సింహం, 4 శ్వానం, 5 వృషభం, 6 ఖరం, 7 గజం, ఏమీ మిగలకపోతే కాకం. బేసి అంకెలు మంచివి, సరి అంకెలు చెడ్డవి. ఇది పక్కా పారామెట్రిక్ నియమం. ఇప్పుడు దాన్ని విప్పి చూడండి. 9ని 8తో భాగిస్తే మిగిలేది 1, కాబట్టి 9తో గుణించడం వల్ల శేషంలో మార్పేమీ లేదు. 10కి 11 అయితే 110, శేషం 6, ఖరాయం. 9కి 11 అయితే 99, శేషం 3, సింహాయం. రెండు బేసి సంఖ్యల లబ్ధం ఎప్పుడూ బేసే, దాన్ని 8తో భాగిస్తే మిగిలేదీ బేసే. అంటే పొడవూ వెడల్పూ రెండూ బేసి అయితే ఆయం మంచిదే అవుతుంది, ఒక్కటి సరి అయినా చెడిపోతుంది. ఇంత తతంగమూ ఒకే ఒక్క బ్లాకు. ఆయాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం, నా గొడవ అది కాదు. ఆ ఒక్క బ్లాకుని ఎవరూ విప్పి చూపించకపోవడం వల్లే లెక్క కట్టేవాడికి దక్షిణ, కట్టించుకునేవాడికి భయం. విప్పి చూపించని నియమం ఏదైనా చివరికి ఇలాగే తయారవుతుంది, అది క్లౌడ్‌లో నడిచినా సరే.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా నడిచి, పై అంతస్తుల కిటికీలకేసి చూడండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం మన హైదరాబాదు లాంటి మిశ్రమ వాతావరణంలో గదికి, తలుపులు కాకుండా, నేల వైశాల్యంలో కనీసం ఎనిమిదో వంతు కిటికీలుండాలి. 10కి 10 గది అంటే 100 చదరపు అడుగులు, 12.5 చదరపు అడుగుల కిటికీ కావాలి. 4కి 3 పెడితే 12, నియమం ఒప్పుకోదు. 4కి మూడున్నర పెడితే 14, పాస్. అయితే అది రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ అనుకోండి, ఒక రెక్క వెనక్కి ఇంకోటి జరగాల్సిందే కాబట్టి తెరుచుకునేది సగమే. కాగితం మీద 14, గాలికి 7. కిటికీ మోడల్‌లోని నియమానికి గది తెలీదు, గది నియమానికి కిటికీ ఎలా తెరుచుకుంటుందో పట్టదు. రెండూ విడివిడిగా పచ్చ టిక్కు కొట్టేస్తాయి.

తర్వాత కథ ఇంకా ఉంది. ఇంజనీరింగ్ అయ్యాక నేను అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో ఏడాదికి పైగా ఉన్నాను. అలాంటి 10కి 10 గదినే ప్లైవుడ్‌తో రెండు చేశారు. కిటికీ పక్కగదికి పోయింది. నా భాగంలో కిటికీ వైశాల్యం సున్నా. పక్కగది కిటికీ తెరిస్తే అవతలి బిల్డింగ్ గోడ, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళు పగలు కూడా ట్యూబ్‌లైట్ వేసుకునేవాళ్ళు, లేదంటే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పరుగెత్తేవాళ్ళు. ఆ బిల్డింగుకి మంజూరైన ప్లానులో బహుశా అన్ని నియమాలూ సరిగ్గానే ఉండి ఉంటాయి. నియమం ఒక్కసారి, అనుమతి రోజున నడిచింది. మనుషులు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఉన్నారు.

ప్రభుత్వం వైపునా ఇదే దారి. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168లో సెట్‌బ్యాకులు, రోడ్డు వెడల్పునిబట్టి భవనం ఎత్తు ఉన్నాయి. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 75 చదరపు గజాల లోపు స్థలానికి రిజిస్ట్రేషన్ చాలన్నారు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకూ స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, ఆపైన 21 రోజులు. 2025లో బిల్డ్‌నౌ వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గితే నాకూ సంతోషమే. కానీ ఈ సాఫ్ట్‌వేర్లు ఎవరి కోసం? కట్టేవాడు ప్లాన్ పెడతాడు, యంత్రం సరిచూస్తుంది. అద్దెకి వచ్చేవాడు ఈ సంభాషణలో ఎక్కడా లేడు. వాడి గది కొలతలు ఇచ్చి, ఇది నిబంధనకి సరిపోతుందా అని అడగడానికి ఒక చిన్న పేజీ పెట్టడం ఎంత పని?

నాకు ఎదురొచ్చే వాదనలు తెలుసు. నిజమైన నియమాలు పెద్దవి, రెండొందల బ్లాకులు అతికిస్తే సేమ్యా ముద్ద అవుతుంది అంటారు. గ్రాస్‌హాపర్‌లో తీగల చిక్కుముళ్ళు చూసినవాడిగా కాదనను. నిన్నటి నియమానికీ ఇవాళ్టిదానికీ తేడా పట్టుకోవడం కూడా బ్లాకుల్లో కష్టమే. కానీ చిక్కు అవుతోందంటే నియమాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టాలి. దాన్ని మళ్ళీ కోడ్ వెనక దాచెయ్యడం జవాబు కాదు. ఇంకో వాదన వ్యాపార రహస్యం. ధర ఎలా కట్టారో దాచుకోండి, మాకేం. నా కిటికీ ఇంతకంటే పెద్దది ఎందుకు కాకూడదో దాచడానికి మీకు హక్కు లేదు.

కాబట్టి నేను అడిగేవి మూడే. ఒకటి, హద్దు పెట్టే ప్రతి బ్లాకుకీ కారణాన్నిబట్టి రంగు ఉండాలి: భౌతిక శాస్త్రానికి ఒకటి, చట్టానికి ఒకటి, ఖర్చుకి ఒకటి. చట్టమైతే ఏ జీవో, ఏ నిబంధన అన్నది ఆ ముక్క మీదే రాసి ఉండాలి. రెండు, ఆ ముక్కలు తెలుగులో ఉండాలి. "వెడల్పు 4 అడుగులు దాటితే రెక్కలు 3" అని రాయడానికి మన భాషకి ఏ ఇబ్బందీ లేదు. నారాయణగూడ షాపాయనకి నా దుబాసీతనం అక్కర్లేకుండా పోవాలి. మూడు, ఊరంతటికీ వర్తించే నియమాలు ఊరంతటికీ కనిపించాలి, అద్దెకుండేవాడు తన గది కొలతలు పెట్టి నడిపి చూసుకునేలా.

ఇవేవీ చెయ్యకుండా బ్లాకులు తెచ్చాం, డిజైన్ ప్రజలదైపోయింది అంటే ఒప్పుకోవద్దు. ఈసారి మీ చేతిలోని స్లైడర్ ఎక్కడైనా ఆగిపోతే ఆ అంకె ఎవరిదో, ఎందుకు పెట్టారో అడగండి. జవాబు చెప్పలేని డిజైనర్‌కి ఆ హద్దు పెట్టే అర్హత లేదు.