సీమ చింత చేసిన నేరమేంటి?

మేముండేది కొత్తగూడలో, బొటానికల్ గార్డెన్‌కి దగ్గర్లోనే. మా అపార్ట్‌మెంటు వెనక గోడ పక్కన ఓ సీమ చింత చెట్టుంది. ఎవరూ నాటింది కాదు. ఇక్కడ చేలున్నప్పటి కంచె తాలూకు మిగులేమో. మొన్న ఆదివారం అసోసియేషన్ మీటింగులో దాన్ని కొట్టించేద్దామన్నారు. కారణాలు మూడట: ముళ్ళు, చెత్త, పక్క బిల్డింగులో పనిచేసేవాళ్ళ పిల్లలు గోడెక్కి కాయలు కోస్తున్నారు. (మూడోది కాస్త గొంతు తగ్గించి చెప్పారు లెండి.)

పైగా ఒకాయన "అసలది మన దేశపు చెట్టే కాదండీ" అని తేల్చేశారు. నిజమే, దాని పుట్టిల్లు మెక్సికో వైపు. పేరులోనే 'సీమ' ఉంది కదా! మరి మన పచ్చడిలో మిరపకాయ, టమాటా ఎక్కడివి? అవీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఈ చెట్టు శాస్త్రీయ నామంలో 'తియ్యనిది' అనే మాట కూడా మన సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1798లో పెట్టిందే.

ఇంతకీ అదేం చేస్తుంది? చుట్టలు తిరిగిన కాయల్లో వగరూ తీపీ కలిసిన తెల్లటి, గులాబీ గుజ్జు ఇస్తుంది. ఆకు మేకలకి, పువ్వు తేనెటీగలకి, కొమ్మ పొయ్యిలోకి. ముళ్ళుంటాయి కాబట్టే చేనుకి కంచె అయింది. దాని వేళ్ళు నేలకి నత్రజని అందిస్తాయి. మనం చుక్క నీరు పొయ్యకపోయినా బతుకుతుంది. ఇవే కాయలు వేసవిలో తోపుడుబండి మీద కనబడితే మాత్రం డబ్బులిచ్చి మరీ కొనుక్కుంటాం!

పాత కోడ్ ఎవరు వాడుతున్నారో చూడకుండా డిలీట్ చేసేస్తే ఆఫీసులో ఊరుకుంటారా? ఈ చెట్టుని వాడుకుంటున్నవాళ్ళు ఎదురుగా గోడ మీదే ఉన్నారు. వాళ్ళని మీటింగుకి పిలవలేదు, అంతే.

ముళ్ళు గుచ్చుకుంటాయంటే దారికడ్డొచ్చే కొమ్మలు నరికిద్దాం. పిల్లలు పడతారని భయమైతే ఓ దోటీ కొనిద్దాం. చెట్టే కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతికి దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. ఆ దరఖాస్తు మీద నేనైతే సంతకం పెట్టనని చెప్పేశాను. వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు.

మీ వీధిలో దారిన పోయేవాడు కోసుకు తినగలిగే చెట్టు ఒక్కటైనా ఉందా? ఓసారి బయటికెళ్ళి చూడండి.