అమ్మ నడవాలంటే...

'రోజూ ఓ అరగంట నడవండమ్మా' అంటాడు డాక్టరు, మందుల చీటీ అందిస్తూ. 'అలాగే బాబూ' అని తలూపుతుంది అరవై దాటిన ఆ పెద్దావిడ. మూడు నెలల తర్వాత మళ్లీ అదే కుర్చీ, అదే ప్రశ్న. షుగరు మాత్రం ఇంకాస్త పెరిగి ఉంటుంది. 'చెబితే వినదండీ' అని పక్కనే నిలబడ్డ కొడుకు విసుక్కుంటాడు.

వినకపోవడం కాదు. ఆవిడ లేచేది తెల్లవారుజామునే. పాలు, కుళాయి నీళ్లు, మనవడి టిఫిను బాక్సు... అవన్నీ అయ్యేసరికి ఎండెక్కుతుంది. పోనీ సాయంత్రం వెళ్దామంటే వీధి మొగలో కుక్కలు. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బళ్లు, లేనిచోట పక్కనుంచి దూసుకుపోయే ఆటోలు. మోకాళ్ల నొప్పులు సరేసరి. ఎక్కడ జారిపడి తుంటి ఎముక విరుగుతుందోనన్న భయం ఒకటి. అన్నిటికీ మించి, 'ఈ వయసులో చీర మీద బూట్లేసుకు తిరిగితే నలుగురూ నవ్వరూ?'

ఇది ఒక్కావిడ సంగతి కాదు. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022 నాటికి మన దేశంలో వయోజనుల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవాళ్లలో ఇది 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం! ఇంటి చాకిరీ అంతా మోసేవాళ్లకి శ్రమ లేకపోవడమేమిటి అనిపిస్తుంది. మిక్సీ, గ్రైండరు వచ్చాక రోలూ పొత్రం పని పోయింది, రోజంతా నిలబడే పని మిగిలింది. అలసట ఉంటుంది కానీ గుండె వేగం పెరగదు. (పొలం పనికెళ్లే ఆవిడకి ఇదే సలహా ఇస్తే నవ్విపోతుంది. ఆమెకి కావల్సింది విశ్రాంతి.)

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి... అంత వేగం. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని 2020లో తీసేసింది. ఎంత కాసేపైనా లెక్కలోకి వస్తుందన్నమాట.

షుగరున్నవాళ్లకి ఇంకో మంచి కబురు. న్యూజిలాండ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఓ చిన్న అధ్యయనంలో, రోజుకోసారి అరగంట నడిచినప్పటికన్నా మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం! దీనికి పార్కు అక్కర్లేదు. డాబా మీద, వరండాలో సరిపోతుంది. కుక్కల బెడదా లేదు, నలుగురి చూపులూ లేవు.

పడిపోతామన్న భయానికి విరుగుడు కూడా ఇంట్లోనే ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నిలబడటం... ఇలాంటివాటితోనే న్యూజిలాండ్‌లో 'ఒటాగో' వ్యాయామాలు రూపొందించారు. అవి చేసిన వృద్ధుల్లో పడిపోవడం సుమారు మూడోవంతు తగ్గింది. మొదట్లో పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఇక మనసు సంగతి. 'ఆరోగ్యం కోసం' అంటే కదలని ఆవిడే, ఎదురింటావిడ 'గుడికి వెళ్దాం రా వదినా' అంటే చెప్పులేసుకుంటుంది! నలుగురు ఆడవాళ్లు కలిస్తే కుక్కల భయమూ తగ్గుతుంది, కబుర్లలో దూరమూ తెలీదు. ఆ అరగంట టిఫిను బాక్సు కొడుకో కోడలో సర్దాలి మరి. ఇంట్లో అసలు చిక్కంతా అక్కడే.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్లు పరగడుపున నడవకూడదు. కొంగున కాస్త పంచదారో చాక్లెట్టో ఉండాలి. గుండెలో నొప్పి, తల తిరగడం ఉంటే వెంటనే ఆగి డాక్టరుకి చూపించాలి. పాదాలు మొద్దుబారినవాళ్లు ఎండకి కాలిన గుడి బండల మీద ఒట్టికాళ్లతో ప్రదక్షిణలు చేయకూడదు. బొబ్బలెక్కినా తెలీదు. ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. వంగలేకపోతే ఆ పని మనవడికి అప్పజెప్పొచ్చు.