మన ఆరోగ్యం: బుగ్గన పెట్టిన ముద్ద

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మూర్ఛ వంటి ఇబ్బందులున్న పిల్లల ఇళ్ళలో పళ్ళ సంగతి అన్నిటికన్నా చివరికి వస్తుంది. థెరపీలు, స్కూలు మీటింగులు, మందులు అయ్యేసరికి ఇక ఓపికెక్కడ? నొప్పి అని చెప్పలేని బిడ్డ అన్నం మానేసినా, చెంపల మీద కొట్టుకున్నా మొండితనం అనుకుంటాం. ఒకసారి నోరు తెరిపించి చూడండి.

ఈ పిల్లల్లో కొందరు ముద్ద మింగకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుంటారు. చాలా సిరప్పుల్లో పంచదార ఉంటుంది. మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ వల్ల చిగుళ్ళు పెరగవచ్చు. మాట వింటే లడ్డూ అనే అమ్మమ్మగారి లంచం వీటికి అదనం!

బ్రష్ చేయించేటప్పుడు ఎదురుగా కాక వెనక నిలబడి, బిడ్డ తల మీ గుండెకి ఆనించుకోండి. సింకు దగ్గరే చేయాలని లేదు, సోఫా మీదైనా సరే. మింటు ఘాటు పడకపోతే అది లేని ఫ్లోరైడ్ పేస్టు దొరుకుతుంది. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత చాలు.

పిల్లల పళ్ళ డాక్టర్లు డెంటల్ కాలేజీ తర్వాత మరో రెండేళ్ళు చదువుతారు. ఇలాంటి పిల్లల వైద్యం అందులో భాగమే. ఫోన్ చేసినప్పుడే బిడ్డ పరిస్థితి దాచకుండా చెప్పండి. (మనవాళ్ళు సాధారణంగా తప్పించేది ఇదే.) పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. తొలిసారి కుర్చీలో కూర్చుని వచ్చేసినా ఆ రోజుకి చాలు.

"మేము చూడం" అంటే ఊరుకోకండి. వైకల్యం ఉందని రోగిని కాదనకూడదని, తమవల్ల కాకపోతే చేయగలవారి దగ్గరికి పంపాలని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2018లో తన నియమావళిలో చేర్చింది. ప్లేనో వాళ్ళకి డల్లాస్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం డెంటల్ కాలేజీ ఉంది, పాతకాపులకి బేలర్‌గా తెలిసినదే. అక్కడ పిల్లల విభాగం ఉంది.