మౌనం అభావానికి ప్రమాణమా?



ఇటీవల ఒక యువభక్తుడు తన కంప్యూటరులోని శ్రీరుద్రనమకాన్ని నాకు చూపి, "గురువుగారూ, 'నమస్తే' అని వెదికితే ఒక్కటీ లేదంటున్నది" అన్నాడు. నమకానికి ఆదిపదమే అది! ఇద్దరమూ నవ్వుకున్నాము. కాని అంతలోనే అతని ముఖం వాడిపోయినది. ఇదే పద్ధతిలో వెదికి, ఒక దేవతానామం మన శాఖలోనే లేదని క్రిందటి వారం సత్సంగంలో చెప్పివచ్చాడట.

అతడు వాడినది గ్రెప్ అనే ఉపకరణం. 1973 నాటికే కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం దీనిని నిర్మించాడు. మనమొక అక్షరాకృతిని ఇస్తే, అది ఫైలును పంక్తి పంక్తిగా పరిశీలించి, ఆ ఆకృతి ఉన్న పంక్తులను చూపుతుంది. దానికి అర్థజ్ఞానం లేదు, సంధిజ్ఞానం లేదు.

మనమిచ్చే ఆకృతి తర్కశాస్త్రంలోని లక్షణం వంటిదని నా అభిప్రాయం. గోవుకు కపిలవర్ణం లక్షణమంటే అవ్యాప్తి, కొమ్ములుండటమంటే అతివ్యాప్తి, ఒంటిగిట్ట అంటే అసంభవం. ఇక్కడా ఆ మూడు దోషాలే. 'నమః' అని విసర్గతో వెదికితే 'నమో', 'నమస్' రూపాలు జారిపోతాయి, ఇది అవ్యాప్తి. 'నమ' అని మాత్రమే ఇస్తే, తాత్పర్యంలోని 'అన్నము', 'వచనము' కూడా వచ్చిపడతాయి, ఇది అతివ్యాప్తి. ఆ యువకునికి ఎదురైనది అసంభవం. అతని ఫైలులో స్వరచిహ్నాలున్నవి. 'మ' మీది నిలువుగీత మన కంటికి అలంకారప్రాయమే కాని, యంత్రానికి మకార సకారాల నడుమ నిలిచిన వేరొక అక్షరం. స్వరచిహ్నాలను తొలగించిన ప్రతిలో వెదికితే పదం వెంటనే దొరికినది.

లెక్కలోనూ జాగ్రత్త అవసరం. 'సి' అనే సంకేతంతో గ్రెప్ లెక్కించేది పంక్తులనే కాని పదాలను కాదు. ఒకే పంక్తిలో నాలుగు నమస్కారాలున్నా ఒకటిగానే చెబుతుంది. 'ఓ' సంకేతంతో ఒక్కొక్క రూపాన్నీ విడిగా రాబట్టి లెక్కించుకోవాలి.

అద్వైతులు అనుపలబ్ధిని ప్రమాణంగా అంగీకరించారు. కాని యోగ్యానుపలబ్ధిని మాత్రమే. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనబడకపోతే అనరాదు. సంధిరూపాలు, లేఖనభేదాలు, స్వరచిహ్నాలు విచారించకుండా చేసిన అన్వేషణ చీకటిగదిలో చూపు వంటిది. దాని మౌనాన్ని పట్టుకొని "వేదంలో లేదు" అనటం సాహసం. "ప్రక్షిప్తం" అనటం అపచారం.

నేను ఈ ఉపకరణానికి విరోధిని కాను. ముద్రణదోషాలు పట్టుకొనడానికి, ఒకే పదం ఏ ఏ అనువాకాలలో వచ్చినదో చూడటానికి ఇది ఎంతో మేలు చేస్తుంది. పదపాఠం, అనుక్రమణికలు కూర్చిన మన పూర్వులకు అన్వేషణ క్రొత్త కాదు. అయితే వారు ముందు కంఠస్థం చేసి, తరువాత సూచికలు కూర్చారు. ఏమి వెదకాలో చెప్పేది చెవి. ఎక్కడున్నదో చూపేది యంత్రం. ఈ క్రమం తారుమారైతే దోషం యంత్రానిది కాదు, మనది.

ఆ యువకుడు మరుసటి సత్సంగంలో తన మాటను తానే సవరించుకున్నాడు. ఆ సత్యనిష్ఠే అసలైన స్వాధ్యాయం.

స్వస్తి.