బొమ్మ గీయడమూ చదువే

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు,

ఈ విద్యాసంవత్సరంలో ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోనూ పిల్లల చిత్రకళా ప్రదర్శన జరిగేలా ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను. నేనడిగేది బహుమతుల పోటీ కాదు. తరగతిలో విన్న పాఠం పిల్లల చేతుల్లో బొమ్మగా మారి గోడకెక్కే రోజు.

కళలతో కలిపి చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. అయినా చాలా బడుల్లో డ్రాయింగంటే ఖాళీ పీరియడే.

సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులను చూడండి. చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన గుడ్డమీద, ఎర్రటి నేపథ్యంలో, కథంతా వరసగా గడులుగా గీస్తారు. మూడో తరగతి పిల్లలు తెలుగు పాఠంలోని కథను అలాగే గీయాలంటే ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, ఏది వదిలేయాలి అని ఆలోచించక తప్పదు. ఏ ప్రశ్నపత్రమూ అంత లోతుగా అడగదు! లెక్కలకు వాకిట్లో ముగ్గుంది: 1, 3, 5, 7, 5, 3, 1 చుక్కలు పెట్టించండి, బేసి సంఖ్యలూ సౌష్ఠవమూ ఒకేచోట దొరుకుతాయి.

ప్రదర్శనలో ప్రతి బొమ్మ పక్కన దాన్ని గీసిన బిడ్డ సొంత మాటల్లో రెండు వాక్యాలుండాలి. టీచర్లు దిద్దిన బొమ్మలూ, కొన్న చార్టులూ పెట్టకూడదని ఉత్తర్వుల్లోనే రాయండి. రంగులు, కాగితాల ఖర్చు తల్లిదండ్రులపై పడకుండా పాఠశాల నిధుల నుంచే ఇప్పించండి. కూలికెళ్లే అమ్మానాన్నలు కూడా చూడగలిగేలా ప్రదర్శనను సాయంత్రం పెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు