ఇంటి లెక్క ఎవరి చేతిలో ఉంది?

2025 జూన్‌లో కుప్పం ప్రాంతంలోని ఒక పల్లెలో ఒక స్త్రీని చెట్టుకు కట్టేశారు. అప్పు చేసింది ఆమె కాదు, భర్త. 80,000 రూపాయలు. అతను ఊళ్లో లేడు. అప్పిచ్చినవాళ్లకు ఆమె దొరికింది. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. కేసు పెట్టారు, అరెస్టులు జరిగాయి, ముఖ్యమంత్రి కూడా స్పందించారు. మనమూ ఖండించాం. ఖండించి ఊరుకున్నాం.

ఆ కుటుంబం లోపలి సంగతులు తవ్వే హక్కు మనకు లేదు. కాని ఆ వార్త మన ముందు ఒక ప్రశ్న పెట్టింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏ సంఘంలోనైనా కూర్చుని అడిగి చూడండి. సంఘం పొదుపు ఎంత, ఎవరి బాకీ ఎంత, బ్యాంకు కంతు ఏ తేదీన కట్టాలి, అన్నీ నోటికి చెబుతారు. "మరి మీ ఇంటికి ఎంత అప్పుంది?" అంటే మాట ఆగిపోతుంది. "మాకేం తెలుస్తుందక్కా, ఆయప్పనే అడగాల" అంటారు. పదిమంది డబ్బుకు పైసాతో సహా లెక్క రాసే మనిషి, నలుగురున్న తన ఇంటికి ఎంత వస్తోందో, ఎంత పోతోందో చెప్పలేకపోతోంది. ఇందులో ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. సంఘం పుస్తకం బ్యాంకుకు కావాలి. ఇంటి పుస్తకం ఎవరికీ అక్కర్లేదు. అది లేకపోవడమే కొందరికి సౌకర్యం కూడా.

దీనికి మన స్వచ్ఛంద సంస్థలు కనిపెట్టిన మందు "గృహ బడ్జెట్ శిక్షణ". గోడకు చార్టు తగిలిస్తారు. దుబారా తగ్గించాలి, పండక్కి చీర మానుకోవాలి, టీ రెండుపూటలు కాక ఒక్కపూటే తాగాలి. ఇవన్నీ ఎవరికి చెబుతున్నాం? పావుకిలో కందిపప్పును వారం నడిపించే మనిషికి. రాగిసంగటి అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినే మనిషికి. పొదుపు ఆమెకు మనం నేర్పేది కాదు. ఆ చార్టులో బీడీ లేదు, వైన్‌షాపు లేదు, పేకాట లేదు, బండి పెట్రోలు లేదు, వడ్డీ లేదు. అంటే ఆ ఇంటి లెక్కలో మగవాడే లేడు. అలాంటి లెక్క నేర్పితే ఉన్న భారం ఇంకాస్త ఆమె మీదే పడుతుంది.

ఒకప్పుడు మన ఉద్యమం నేర్చుకున్న లెక్క ఇలాంటిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలు, ఇంటికి రావలసిన కూలి డబ్బు ఎక్కడ ఆగిపోతోందో చూశారు. అదే వాళ్ల లెక్క. మగవాడి ఖర్చును ఇంటి ఖర్చుల పట్టీలోకి ఎక్కించి, నలుగురి ముందు చదివారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాగుడుకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి తీసి దాచుకునే సంఘాలు ఆ జిల్లాలోనే మొదలై రాష్ట్రమంతా పాకాయి. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. మద్యం తిరిగి వచ్చింది. సంఘాలు మిగిలాయి, కాని పుస్తకంలో పేజీ మారిపోయింది. ఆమె పొదుపు, ఆమె కంతు, ఆమె బాకీ మాత్రమే మిగిలాయి. అప్పు ఆమె పేరున రావడం, డబ్బు అతని చేతికి పోవడం, కంతు మళ్లీ ఆమే కట్టడం మామూలైపోయింది. వారం వారం ఇంటిముందు కూర్చునే సూక్ష్మరుణ సంస్థల వేధింపులు ఎంతదాకా పోయాయంటే, 2010 అక్టోబరులో ప్రభుత్వం వాటిని అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

కనుక ఇంటి లెక్క రాయడాన్ని మళ్లీ మన పనిగా తీసుకుందాం. అయితే చార్టుల్లోని నెలసరి బడ్జెట్టు మన పల్లెలకు సరిపోదు. ఒకటో తేదీన జీతమొచ్చే ఇంటికోసం తయారైన లెక్క అది. మన దగ్గర డబ్బు అలా రాదు.

మదనపల్లె చుట్టూ టమోటా ఇంటిని ఒక్క నెలలో ఎత్తుతుంది, ఇంకో నెలలో ముంచుతుంది. 2023 జూలై చివర్లో మేలురకం కాయ మార్కెట్టులో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి పోయింది. సెప్టెంబరు వచ్చేసరికి కిలోకు పది రూపాయలు కూడా దక్కని రోజులొచ్చాయి. ఇలాంటి ఇంట్లో నెలసరి బడ్జెట్టు రాయమనడం ఎగతాళి చేసినట్టే. అక్కడ కావలసిన అలవాటు వేరు. పంట డబ్బు చేతికొచ్చిన రోజునే దాన్ని నెలలుగా కొయ్యాలి. మందులకొట్టు బాకీ, కూలీలు, బాడుగ పోగా 60,000 మిగిలిందనుకుందాం. మళ్లీ పంట డబ్బు కళ్లజూసేది అయిదు నెలలకు. అంటే నెలకు 12,000. అందులోంచి ముందుగా ఆ అయిదు నెలలకూ రాగులు, బియ్యం, నూనె ఒక్కసారే కొని ఇంట్లో పెట్టాలి. గింజలు ఇంట్లో ఉంటే ఎవరూ అప్పుగా అడగరు, డబ్బు ఉంటే నలుగురు అడుగుతారు. మండీ చీటీ అతని జేబులోనే ఉండిపోతే ఈ కోత సాధ్యం కాదు. ఆ చీటీ ఇంటి పుస్తకంలో గుచ్చాలి. మొదటి పోరాటం అక్కడే.

అదే మదనపల్లెలో నీరుగట్టువారిపల్లెకు వెళ్లండి. పట్టుచీరకింత అని కూలి వస్తుంది, అదీ అంతకుముందు తీసుకున్న అడ్వాన్సులో కొంత పోగా. కూలి మగ్గం మీద కూర్చున్న మనిషిది అంటారు. కండెలు చుట్టిందెవరు, మధ్యలో లేచి వంట చేసిందెవరు అనేది ఏ లెక్కలోనూ లేదు. చీర దిగిన రోజున పుస్తకంలో కూలి రాసేటప్పుడు, "ఇద్దరి పని" అని పక్కన రాస్తే చాలు. ఆ రెండు మాటలకే ఇంట్లో పెద్ద చర్చ జరుగుతుంది. జరగనివ్వండి.

పుంగనూరు అనగానే లోకానికి పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల ఇళ్లను నడిపేది మాత్రం జెర్సీ ఆవు. గడ్డి కోసేదీ, పేడ తీసేదీ, తెల్లవారకముందే పాలు పితికేదీ ఆమె. పాలబిల్లు పదిరోజులకో, పదైదు రోజులకో వస్తుంది. కొన్ని ఇళ్లలో అది ఆమె పేరునే ఉంది, చాలా ఇళ్లలో లేదు. బిల్లు ఎవరి పేరున ఉందో చూడకుండా ఆ ఇంట్లో పొదుపు గురించి మాట్లాడటం దండగ. పేరు మార్పించడం ఒక దరఖాస్తు పని. సంఘం మొత్తం కలిసి అడిగితే త్వరగా అవుతుంది.

కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్ల ఇళ్లలో డబ్బు వారానికొకసారి కనబడుతుంది. వారం కూలి రోజు సాయంత్రమే లెక్క చూడకపోతే మర్నాటికి చూడటానికి ఏమీ ఉండదు. ఇక్కడ బడ్జెట్టంటే నెల కాదు, ఏడు రోజులు.

పుస్తకం ఎలా ఉండాలని చాలామంది కార్యకర్తలు అడుగుతున్నారు. రెండు గీతలు గీసిన పిల్లల నోటుబుక్కు చాలు. దేవుడి పటం పక్కన మేకుకు తగిలించి, పెన్ను దారంతో కట్టండి. రాత్రి అన్నాలయ్యాక అయిదు నిమిషాలు. చదువురానివాళ్లు పాలకు చెంబు, బడికి పలక, మందుకు సీసా బొమ్మ వేసుకుంటారు, పిల్లలు అంకెలు రాస్తారు. ఎంత ఖర్చయిందో, ఎవరి చేతి మీదుగా అయిందో రెండూ రాయాలి. వెనక పేజీలో ఏడాదికి తప్పనిసరిగా వచ్చే పెద్ద ఖర్చులు: జూన్‌లో బడి, ఉగాది, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో మే నెల గంగమ్మ జాతర, కాన్పు, పురుడు. జాతర మానేయమని మనం చెప్పనక్కర్లేదు, చెప్పినా వినరు, వినకపోవడమే మంచిది. ఆ రోజు ఏడాదికి ఒకసారి వస్తుందని ముందే తెలుసు కదా, ఆ రోజు కోసం పది వారాల ముందునుంచీ ఒక డబ్బా వేరేగా ఉంచితే జాతరకు వడ్డీ కట్టనక్కర్లేదు.

అన్నింటికన్న ముఖ్యమైంది అప్పుల పేజీ. ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంత, నూటికెంత వడ్డీ, ప్రోనోటు మీద ఎవరి సంతకం, ఖాళీ చెక్కు ఇచ్చారా. కట్టిన ప్రతిసారీ చెల్లు రాయించుకున్నారా లేదా. డైలీ ఫైనాన్సు లెక్క ఒక్కసారి సంఘంలో అందరూ కలిసి వేయండి. 10,000 అప్పని చెప్పి 9,000 చేతికిస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు తీసుకుంటారు. "వెయ్యే కదా, నూటికి పది" అనుకుంటాం. కాని అసలు రోజూ తరిగిపోతోంది. 100 రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది 4,500 మాత్రమే. దానికి 1,000 కడుతున్నాం. నెలకు నూటికి ఆరున్నర రూపాయలు దాటుతుంది. ఈ లెక్క తెలిశాక కూడా కొందరికి ఆ అప్పు తప్పదు, ఆస్పత్రికి రాత్రికి రాత్రి ఇంకెవరిస్తారు? కాని తెలిసి తీసుకోవడం వేరు.

ప్రభుత్వం నుంచి వచ్చేదీ పుస్తకంలో పడాలి. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లవాడికి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. ఖాతా ఆమెది, ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? ఫోన్ నంబరు ఎవరిది? 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. కూలికి బస్సులో పోయే మనిషికి రోజుకు ఇంత అని మిగులుతోంది. ఆ మిగిలింది రాయకపోతే అది కూడా ఎవరికీ తెలియకుండా కరిగిపోతుంది.

లెక్క రాస్తే గొడవలవుతాయి అంటారు. అవుతాయి. "నాకే లెక్క చెప్పమంటావా" అని చేయి చేసుకునే మగవాళ్లున్న ఇళ్లు మనకు తెలుసు. అలాంటి చోట పుస్తకం మేకుకు తగిలించమని చెప్పడం బాధ్యతారాహిత్యం. సంఘం పెట్టెలోనో, అమ్మగారింట్లోనో ఉంచుకోవచ్చు. ఇంకో సంగతి. పోపుడబ్బాలో, కొంగుముడిలో దాచుకున్న డబ్బును కూడా పుస్తకంలో చూపించాలని కొందరు కార్యకర్తలు పట్టుబడుతున్నారు, నిజాయితీ పేరున. మేము ఒప్పుకోం. అర్ధరాత్రి బిడ్డనెత్తుకుని బస్సెక్కాల్సి వస్తే అక్కరకొచ్చేది ఆ డబ్బే. మగవాడి ఖర్చు బయటపడకుండా ఆమె దాపరికాన్ని బయటపెట్టించే లెక్క మనకొద్దు.

చట్టం ఈ విషయంలో మనం అనుకున్నదానికన్న ముందుంది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను హింసగానే చెప్పింది: ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమె ఆస్తిని అమ్ముకోవడం, ఆమెకు హక్కున్న డబ్బు ఆమెకు అందకుండా చేయడం అందులోకి వస్తాయి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం స్త్రీ తన కష్టంతో సంపాదించుకున్నది పూర్తిగా ఆమెదే. ముస్లిం స్త్రీకి తన ఆస్తి మీద హక్కు ఆమె మతచట్టంలోనే ఉంది. సంతకం పెట్టని అప్పుకు భార్య బాధ్యురాలు కాదు. భర్త చనిపోతే అతని ఆస్తిలో ఆమెకు వచ్చినంత మేరకే అతని అప్పు ఆమెదాకా వస్తుంది. 2020 నవంబరు 4న రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, నెల ఖర్చులు ప్రమాణపత్రంలో రాసివ్వాలంది. అక్కడికొచ్చేసరికి మన స్త్రీలు "సుమారు ఇంత" అంటారు, అతను తనకేమీ రాదంటాడు. మండీ చీటీలు గుచ్చిన పాత నోటుబుక్కు ఒకటి ఉంటే అతని మాటకు ఎదురు చెప్పడానికి చేతిలో ఆధారం ఉంటుంది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన ఒక మనోవర్తి కేసులో జస్టిస్ నాగరత్న, ఇల్లు చూసుకునే భార్యతో ఉమ్మడి ఖాతా తెరవడం, ఆమెకు ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచడం గురించి ప్రత్యేకంగా రాశారు. చెప్పించుకోవలసి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో చూడండి.

ఇక మన సంగతి. సంస్థల్లో జీతం తీసుకునే మనలో ఎంతమంది కార్డు మన సంచిలో ఉంది? ఇంటి లోను ఎంత మిగిలిందో, భర్త ఎవరికి హామీ సంతకం పెట్టాడో మనకు తెలుసా? ఈ సంపాదకీయం రాస్తూ మాలో ఒకరు ఇంటికి ఫోన్ చేసి అడగవలసి వచ్చింది. జవాబు, "ఇప్పుడెందుకు?"

వచ్చే సంచికలోగా మీ సంఘంలో అప్పుల పేజీ ఒక్కటి రాయించి చూడండి. ముందు మీ ఇంటిది. ఎన్ని ఇళ్లలో పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఎవరు ఆపారు, మాకు రాయండి. ఆగిపోయిన ఇళ్ల గురించే ముందు రాయండి. పేర్లు వేయం.